జెండా దిగితే డప్పు ఆగాలి

మొన్న బడి ముందు జరిగిన సంతాపసభలో దొర లేచి నిలబడి, కొత్త తెల్లటోపీ సర్దుకుని, "ఉస్తాదు మా ఇంట్ల మనిషి లెక్క ఉండె. మా గడిల నెల దినాలు ఉన్నడు, మా అన్నమే తిన్నడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. నెల దినాలు ఉన్నమాట నిజమే. ఎందుకున్నాడో, ఎట్లా ఉన్నాడో ఆ చప్పట్లు కొట్టిన వాళ్ళలో సగం మందికి తెలుసు. తెలిసే కొట్టారు.

సభలో చదవడానికి నన్ను కూడా నాలుగు మాటలు రాసుకురమ్మన్నారు. మా ఊళ్ళో అక్షరం ముక్క వచ్చినవాళ్ళం ముగ్గురమే. రాసుకుని పోయాను. దొర మాటలకే పొద్దు వాలిపోయి నా వంతు రాలేదు. వచ్చి ఉంటే సిగ్గుపడేవాణ్ణి. ఆ కాగితంలో 'సౌమ్యుడు', 'మంచి మనిషి', 'తీరని లోటు' లాంటి చచ్చు మాటలు తప్ప ఆయన లేడు. దాన్ని చింపి పారేసి ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. దొర నోట పదిసార్లు విన్న తరవాత ఆ పేరు పలకబుద్ధి కావడం లేదు. మేమెవరమూ పేరుతో పిలిచిందీ లేదు. ఉస్తాదు అంటే శంషాబాద్ నుంచి సాతంరాయి దాకా అందరికీ తెలిసేది.

ఆయన దూదేకే మనిషి. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. వయసులో ఉండగా సర్కారు ఫౌజు బ్యాండులో డ్రమ్ము కొట్టాడు. మోకాలు చెడితే ఇంటికి పంపించారు. ఫౌజు నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక జత నల్ల బూట్లు, ఒక పిచ్చి. బూట్లు పండగలకు వేసుకునేవాడు. పిచ్చి రోజూ ఉండేది.

ఎవరింట్లో దూది ఏకుతున్నా ఆ విల్లు నారి చప్పుడు వినగానే ఉస్తాదు అని తెలిసిపోయేది. మిగతావాళ్ళు ఏకితే చప్పుడు వస్తుంది, ఈయన ఏకితే దరువు వచ్చేది. దాంతో పని చెడేది కూడా. ఒకసారి మా అమ్మ దిండు విప్పి చూపించి, "ఏంది ఉస్తాదా, దూదంత పొడి పొడి చేసినవ్?" అని నిలదీసింది. ఆయన తల గోక్కుని, "దరువు మంచిగ కుదిరింది అక్కా, నడుమల ఆపబుద్ధి కాలె" అన్నాడు. అమ్మ తిట్టబోయి నవ్వేసింది.

ఇంట్లోంచి బయటికి ఎప్పుడూ ఎడమకాలితోనే అడుగు వేసేవాడు. పొరపాటున కుడికాలు పడితే వెనక్కి పోయి మళ్ళీ బయల్దేరేవాడు. ఫౌజు అలవాటు. మా మేనమామ కొడుకు పెళ్ళిలో కొత్తకోడలు గడప ముందు నిలబడి కుడికాలు ఎత్తితే, పందిట్లో బంతిలో కూర్చున్న ఈయన "ఎడమ, ఎడమ!" అని కేకేశాడు. పిల్ల బెదిరి ఎత్తిన కాలు అట్లాగే పెట్టుకుని నిలబడిపోయింది. ఆడవాళ్ళు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ తిట్లు తింటూ కూడా, పక్కన మేళం వాళ్ళ తాళానికి వేలితో విస్తరి మీద కొడుతూనే ఉన్నాడు.

డప్పు ఎక్కడ మోగుతుందని తెలిస్తే అక్కడ ఉండేవాడు. బాలాపూర్‌లో జాతర అంటే పని మధ్యలో వదిలేసి నడిచేవాడు. కొట్టేవాళ్ళ ఎదురుగా నిలబడి కళ్ళు మూసుకునేవాడు. తాళం తప్పితే కళ్ళు తెరిచి అందరికీ వినబడేటట్టు తిట్టేవాడు. ఒకసారి మామిడిపల్లి వాళ్ళు కొట్టిన దరువుకు ఏడ్చేసి, తన రుమాలు విప్పి వాళ్ళ పెద్ద డప్పు మనిషి తలకు చుట్టి, మిట్టమధ్యాహ్నపుటెండలో బోడితలతో ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే మా వాళ్ళ మీద పడ్డాడు. "మామిడిపల్లోళ్ళు కొడ్తుంటె పండుకున్న పిల్లగాడు లేచి నడుస్తడు. మీరు కొడ్తుంటె నడిచేటోడు గూడ కూసుంటడు. థూ!"

ఆ కోపంలోనే మా ఊరి డప్పు జట్టును తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. డప్పు కొట్టేవాళ్ళు పదిమంది. వాళ్ళలో పెద్ద ఎల్లయ్య తాత. జెండాలు పట్టేవాళ్ళం నలుగురం, అందరి ముందు నడిచేది నేను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా బాపు దొర బాయి కింద రెండెకరాలు కౌలుకు చేసేవాడు.

ఊరి బయట బండ మీద సాయంత్రం పూట నేర్పేవాడు. మొదటి నెల డప్పు ముట్టనివ్వలేదు. తొడల మీద కొట్టుకుంటూ వరుసగా నడవమనేవాడు. "ముందుగాల కాళ్ళు కలువాలె. కాళ్ళు కలువని కాడ చేతులేం కలుస్తయ్?" అనేవాడు. ఎల్లయ్య తాతకు ఇదంతా చికాకు. తాత ముత్తాతల నుంచి డప్పు కొడుతున్న మనిషికి నడక నేర్పడమేంది అని గొణిగేవాడు. గొణుగుతూనే నడిచేవాడు.

జెండా వాళ్ళకు ఇంకో శిక్ష. వెదురుబొంగుకు తడిపిన గోనెసంచి కట్టి ఎత్తి పట్టుకోమనేవాడు. రెక్కలు పీక్కుపోయేవి. జెండా నిటారుగా ఉంటే డప్పు నడవాలి. పక్కకు వాలిస్తే దరువు మారాలి. దించితే ఆగాలి. ఎందుకిట్లా అని అడిగితే ఒకటే చెప్పేవాడు. "పదిమంది కొడ్తుంటె నీ చెవుకు నీ డప్పే వినవడ్తది. చెవు మోసం చేస్తది బిడ్డా. కండ్లు జెండ మీద పెట్టుండ్రి. జెండ దిగిందా, ఆగాలె. ఇగ దేవుడొచ్చి కొట్టుమన్న కొట్టొద్దు."

ఆగడమే మాకు రాలేదు. జెండా దించగానే తొమ్మిది డప్పులు ఆగేవి. తరవాత ఎల్లయ్య తాత దెబ్బ ఒకటి వచ్చి పడేది. దాన్ని ఉస్తాదు 'తోక' అనేవాడు. "మళ్ల తోక! మొదలు పెట్టుడు ఎవ్వనికైన వస్తది తాతా, ఆపుడు రావాలె." రెండేళ్ళు ఆ తోకతో కుస్తీ పట్టాడు. తాత ప్రతిసారీ డప్పు కొట్టే చిర్రపుల్ల చూసుకుని, తప్పంతా దానిదే అన్నట్టు నొసలు చిట్లించేవాడు.

ఇక ఆ నెల దినాలకు కారణమైన పీర్ల పండుగ సంగతి. నాలుగేళ్ళ కింద. నిజాం సర్కారు ఇంకా ఉంది, దొరకు ఇంకా తెల్లటోపీ రాలేదు.

మా ఊరి రివాజు ఏమిటంటే, చివరి రోజు పీర్లు వీధులు తిరిగి దొర ఉండే గడి ముందుకు రాగానే ముందున్న జెండా దించాలి, డప్పులు ఆగాలి. డప్పు కొట్టేవాళ్ళు చెప్పులు విడిచి తల వంచుకుని నిలబడాలి. దొర లోపల తీరిగ్గా అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బయటికి వచ్చి తల ఊపితే కదలాలి. ఒక్కోసారి గంట పట్టేది. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ అడగలేదు.

ఉస్తాదు అడిగాడు, అదీ డప్పు గురించి. ఆ ఏళ్ళలో పీర్ల పండుగ చలికాలంలో పడేది. గడ్డిమంట దగ్గర కాచి బిగువెక్కించిన తోలు, ఆగితే చల్లబడి సడలిపోతుంది. గడి దాటాక మిగతా ఊరేగింపంతా చచ్చు చప్పుడే.

"గంట సేపు ఆగితె తోలు సల్లవడ్తది. సల్లవడ్డ డప్పు కొట్టుడు, రొట్టె కొట్టుడు ఒకటే. ఈసారి గడి కాడ ఆగొద్దు" అన్నాడు బండ మీద.

ఎల్లయ్య తాతే నోరు తెరిచాడు. "దొర ఊకుంటడా ఉస్తాదా?"

"నేను పోయి చెప్త. దొరకు తోలు సంగతి ఎర్కుండదు గద. చెప్తె సమజైతది. ఇంకోటి, అందరు చెప్పులేసుకోండ్రి. ముల్లు గుచ్చుకుంటె అడుగు తప్పుతది."

సభలో పట్నం నుంచి వచ్చిన ఒకాయన ఉస్తాదును దొరతనం మీద తిరగబడ్డ వీరుడన్నాడు. అది విన్నా నాకు కోపమే వచ్చింది. ఆయన తిరగబడలేదు. తోలు చల్లారడం, అడుగు తప్పడం ఆయనకు ఓర్వరాని విషయాలు, అంతే. ఆ రెండింటినీ సరిచెయ్యబోతే మధ్యలో గడి అడ్డమొచ్చింది.

ఆయన నిజంగానే గడికి పోయి, వాకిట్లో నిలబడి, దొరకు డప్పు తోలు సంగతంతా విడమరిచి చెప్పి వచ్చాడు. ముఖం వెలిగిపోతూ వచ్చాడు. "దొర నవ్విండు. ఒప్పుకున్నట్టే" అన్నాడు.

ఆ నవ్వు మాకు తెలుసు. మేము పుట్టినప్పటి నుంచి చూస్తున్న నవ్వది. పద్నాలుగు మందిమి అక్కడున్నాం. ఉస్తాదా, అది ఒప్పుకున్న నవ్వు కాదు అని ఒక్కరమూ చెప్పలేదు. దొర మీద నాకున్న కోపంలో సగం నా మీద ఉండడానికి కారణం ఇదే.

ఆ రోజు జట్టు నడిచినట్టు మళ్ళీ నడవలేదు. పది జతల చెప్పులు ఒక్కసారి పడ్డాయి. డప్పులు ఖంగుమన్నాయి. ఇళ్ళలోంచి జనం ఉరికి వచ్చారు. ఉస్తాదు వరుస చివర నల్లబూట్లతో, చెడిన మోకాలు ఈడుస్తూనే తాళం తప్పకుండా వస్తున్నాడు. గడి వీధిలోకి తిరిగాం. దొర ఆ రోజు తొందరగా తిని బయటికొచ్చి అరుగు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో చెంబు.

ఆ చప్పుడులో ఆయన ఏమన్నా నాకు వినబడేది కాదు. ఆయనకూ తెలుసు. చెంబు పక్కన పెట్టి, నా కళ్ళలోకి చూసి, తడిచెయ్యి ఎత్తి మా బాపు కౌలుకు చేసే బాయి వైపు వేలు చూపించాడు. అంతే.

నేను జెండా దించాను.

డప్పులు ఆగాయి. పదికి పదీ ఒక్కసారి ఆగాయి. తోక లేదు. రెండేళ్ళు తిట్టి, బతిమాలి, గొంతు పోగొట్టుకుని ఉస్తాదు అడిగిన ఆపు, ఆ రోజు ఆ గడి ముందు వచ్చింది.

"చెప్పులు" అన్నాడు దొర. పదిమందీ చెప్పులు విడిచారు.

వీధిలో ఇంకా ఒక చప్పుడు మిగిలింది. వరుస చివర ఉస్తాదు బూట్లు నిలబడిన చోటే ఎడమ కుడి, ఎడమ కుడి అని పడుతున్నాయి. కొంతసేపటికి అవీ ఆగాయి. "మంచిగ ఆపిండ్రు" అన్నాడాయన. ఎగతాళి కాదు. ఆ మాట నిజంగానే అన్నాడు.

"ఆ బూట్లు ఎవరి కోసం రా?" అని దొర అడిగాడు. ఉస్తాదు మట్టిలో కూర్చుని తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ఫౌజు బూట్లు. అన్ని బెజ్జాల్లోంచీ తాడు లాగాలి. మోకాలు మడత పడదు. ఊరంతా నిలబడి చూసింది. ఎవరూ పోయి సాయం పట్టలేదు. దొర కూడా తొందర పెట్టలేదు. ఆ తాళ్ళు ఊడే లోపల డప్పులన్నీ చల్లారిపోయాయి.

బూట్లు ఊడినాక దొర మళ్ళీ అదే నవ్వు నవ్వి, "రేపటి సంది గడికి రా. పరుపులున్నయ్" అన్నాడు.

ఇదీ ఆ నెల దినాల కథ. గడిలో ఉన్న పరుపులు, దిండ్లు, బొంతలు అన్నీ వెట్టికి ఏకించాడు. దూది ఎగిరి గడి అంతా పడుతుందని గింజలు పోసే కొట్లో కూర్చోబెట్టి తలుపులు మూయించాడు. ఆ కొట్టుకు కిటికీ లేదు. అన్నం పెట్టిన మాట వాస్తవం, తలుపు కింది నుంచి పళ్ళెం తోసేవాళ్ళు. ఆ వీధిలో పోతుంటే లోపల విల్లు చప్పుడు వినిపించేది. మొదట్లో దరువు ఉండేది. రాను రాను చప్పుడే మిగిలింది. నెల తరవాత బయటికొచ్చిన మనిషి రెప్పల నిండా దూది. దగ్గు మొదలైతే మాట సగంలో ఆగిపోయేది. ఆ దగ్గు మళ్ళీ ఆయన్ని వదల్లేదు. పట్నం దవాఖానలో డాక్టరు ఛాతీ చూసి ఏం పని చేస్తావని అడిగాడు. దూదేకుతానంటే, అదే కారణం అన్నాడు. డాక్టరుకు అంతే తెలుసు.

బయటికొచ్చిన రెండో రోజు ఆయన ఇంటికి పోయాను. తిడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. మూలనున్న వెదురుబొంగుకు తడి గోనె కట్టి నా చేతికిచ్చి, "పట్టు" అన్నాడు. పట్టుకున్నాను. ఆయన దగ్గుకుంటూ కుక్కిమంచంలో కూర్చున్నాడు. బరువుకు నా భుజాలు దిగిపోయాయి. చివరికి నేనే అరిచాను.

"తిట్టు ఉస్తాదా! నా వల్లనే గద గిట్లయింది, జర తిట్టరాదే!"

"నిన్ను తిట్టుడెందుకు బిడ్డా? తప్పు నాది. అందరి కండ్లు ఒక్క జెండ మీద పెట్టిచ్చిన. ఒక్క చెయ్యి వంగితె పదిమంది ఆగుతరని సోంచాయించలె" అన్నాడు. కొంచెంసేపు దగ్గి, "చెయ్యి దించకు. ఇంక జరసేపు" అన్నాడు.

ఈ మాటకు నేను ఏడవలేదు. నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. తప్పు ఆయన తన మీద వేసుకోకుండా ఉండాల్సింది. తప్పు గడి అరుగు మీద చెంబుతో నిలబడి ఉంది. దాని ముఖం చూసి ఇన్నేళ్ళుగా దండం పెడుతున్నది మేము.

ఆ తరవాత కూడా బండ మీదికి వచ్చాడు. అరిచే ఊపిరి లేక చిటికెలు వేసేవాడు. తోక మళ్ళీ వచ్చింది. జెండా దించితే తొమ్మిది ఆగేవి, ఎల్లయ్య తాత దెబ్బ ఒకటి వెనక పడేది. ఒకరోజు నేనే విసుక్కున్నాను. తాత చిర్రపుల్ల వంక చూడలేదు, నా వంక చూశాడు. "ఆ దినం ఆగిన చాలు పిలగా. ఇగ నీ జెండ దిగంగనే ఆగ" అన్నాడు. ఉస్తాదుకు వినబడింది. తోకను ఆయన మళ్ళీ తిట్టలేదు.

పోయిన నెల ఆయన పోయాడు. వాళ్ళ మతంలో చావుకు డప్పు కొట్టరు. డప్పు కోసం బతికిన మనిషిని చప్పుడు లేకుండా మోసుకుపోయారు. ఎల్లయ్య తాత కాచని డప్పు చంకలో పెట్టుకుని గోరీల కంచె ఇవతలే నిలబడి చూశాడు.

సర్కారు మారి ఏడాది అయింది. దొర గాంధీ గారి బొమ్మ గడి గోడకు తగిలించాడు. సంతాపసభ పెట్టించింది ఆయనే. సభ అయ్యాక డప్పులు, జెండాలతో గోరీల దాకా ఊరేగింపు పోతామని మేమడిగితే ఎంతో సంతోషంగా ఒప్పుకున్నాడు. నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి పని. గడి ముందట జెండ దించి, రెండు నిమిషాలు ఊకె నిలవడండ్రి. చచ్చిపోయినోని పేరు మీద. పట్నంల గట్లనే చేస్తరు" అన్నాడు. తరవాత, అడగక్కర్లేని మాట అడిగాడు. "మీ బాపు మంచిగున్నడా? బాయిల నీళ్ళున్నయా?"

సభ కాగానే బడి వెనక గడ్డిమంట వేసి డప్పులు కాచారు. అందరూ చెప్పులు వేసుకున్నారు. ఉస్తాదు నల్లబూట్లు ఎల్లయ్య తాత మెడలో వేసుకున్నాడు, తాళ్ళు ముడివేసి. నేను ఎడమకాలు ముందు వేశాను.

గడి వీధిలోకి తిరిగాం. దొర అరుగు మీద టోపీతో, చేతులు కట్టుకుని, మౌనానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. పట్నం ఆయన పక్కన ఉన్నాడు. దొర నా వంక చూసి తల ఊపాడు. నేను బొంగు గట్టిగా పట్టుకున్నాను. తల మళ్ళీ ఊపాడు. తరవాత కట్టుకున్న చేతులు విప్పి, అదే చెయ్యి, అదే వేలు ఎత్తాడు. బాయి అక్కడే ఉంది. భూమి ఇప్పటికీ ఆయనదే. మా బాపు ఆ పొద్దు కూడా అక్కడే మోట తోలుతున్నాడు. రేపు ఆ బాయి మాకు ఉంటుందో లేదో నాకు తెలియదు. చెయ్యి దించలేదు. పదిమందీ కళ్ళు జెండా మీద పెట్టుకుని, చెప్పులతో, కొడుతూ గడి దాటారు.

నాలుగేళ్ళు ఆలస్యంగా దాటాం. చూడాల్సిన మనిషి చూడలేదు. ఈ కోపం నేను ఎవరి మీద తీర్చుకోను?

గోరీల కంచె దగ్గరికి వచ్చాక జెండా దించాను. తొమ్మిది డప్పులు ఆగాయి. ఎల్లయ్య తాత ఒక్క దెబ్బ వేశాడు. చలిగా ఉంది. డప్పులు చల్లారకముందే జెండా మళ్ళీ ఎత్తాను.